లోపలి బుడగలో గాలి ఎంత

పిల్లల ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్ పక్కన నిలబడి పనిచేసే ఆమెను అందరూ మీటరక్క అంటారు. చేరి ముప్పై ఏళ్ళు దాటింది. చేరింది మాత్రం ట్యూబులు కడగడానికి. ఇప్పటిలా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ట్యూబులు కావు అప్పట్లో, ఎర్ర రబ్బరువి. ఆపరేషన్ అయ్యాక బకెట్లో వేసి పంపేవాళ్ళు. సన్న బ్రష్షుతో లోపల తోమి, ఊది చూసి, ఆరబెట్టి, సైజుల వారీగా డబ్బాల్లో సర్దాలి. రబ్బరు మీది అంకెలు కొన్నాళ్ళకు అరిగిపోయేవి. అలాంటి వాటిని ఆమె వేళ్ళ మధ్య దొర్లించి, ఇది నాలుగున్నర, ఇది ఐదు అని చెప్పేసేది. అర మిల్లీమీటరు తేడా అది. ఒక పెద్ద డాక్టరు నమ్మలేక, కళ్ళకు గుడ్డ కట్టించి పన్నెండు ట్యూబులు చేతికిచ్చాడట. పన్నెండూ సరిగ్గా చెప్పింది. ఈవిడ ఉండగా మనకు మీటరెందుకయ్యా అన్నాడాయన. ఆ రోజు నుంచి మీటరక్క.

మా రెండిళ్ళకూ డాబా ఒకటే. సాయంత్రం ఆరిన బట్టలు తీసుకోవడానికి వెళ్ళి ఇద్దరం మాటల్లో పడతాం. ఆమె మడతపెడుతూ చెబుతుంది, నేను క్లిప్పులు డబ్బాలో వేస్తూ వింటాను. ఆసుపత్రి పనిలో నాకు తెలిసిందేమీ లేదు. అందుకే నేనడిగే ప్రశ్నలు ఆమెకు ఇష్టం. తెలిసినవాళ్ళు తెలిసిన ప్రశ్నలే అడుగుతారంటుంది.

"ఏడేళ్ళ పిల్ల గాలిగొట్టం ఎంత ఉంటుందో తెలుసా నీకు?" అని ఒకరోజు అడిగింది.

తెలియదన్నాను.

"ఆ పిల్ల చిటికెన వేలంత. అందులోంచే మేం ట్యూబు పంపాలి."

ఆపరేషన్ సమయంలో బిడ్డ మత్తులో ఉంటుంది. తనంతట తాను సరిగా ఊపిరి తీసుకోలేదు కాబట్టి నోట్లోంచి గాలిగొట్టంలోకి ట్యూబు వేసి, దాని ద్వారా గాలి అందిస్తారు. ట్యూబు లావైతే లోపలి పొర ఒరుసుకుపోతుంది. సన్నమైతే పక్కల నుంచి గాలి కారిపోతుంది. అందుకని ట్యూబు చివర ఒక చిన్న బుడగ ఉంటుంది. ట్యూబు లోపలికి వెళ్ళాక సిరంజితో ఆ బుడగలోకి కాస్త గాలి ఎక్కిస్తే అది ఉబ్బి పక్కల సందు మూసేస్తుంది. లోపలి బుడగ కంటికి కనపడదు కదా. దానికి సన్న తీగలాంటి గొట్టంతో కలిపిన మరో బుడగ నోటి బయట వేలాడుతూ ఉంటుంది. బయటిది ఎంత గట్టిగా ఉంటే లోపలిదీ అంతే గట్టిగా ఉందని లెక్క. దాన్ని వేలితో నొక్కి చూసి, చాలు అనుకున్నప్పుడు సిరంజి తీసేస్తారు. మీటరక్క ఉన్న థియేటర్లో ఆ నొక్కి చూసే పని ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఏ సైజు ట్యూబు కావాలో డాక్టర్లు వయసును బట్టి లెక్కగడతారు. మీటరక్క ఆ సైజుతో పాటు అర సైజు తక్కువది, అర సైజు ఎక్కువది కూడా బల్ల మీద పెడుతుంది. కొత్తగా వచ్చిన డాక్టరెవరైనా ఇన్నెందుకని అడిగితే, "వయసు కాగితంలో ఉంటుంది సార్, గొంతు పిల్లాడికి ఉంటుంది" అంటుంది. ట్యూబు వేసి అంటించాక తల అటూ ఇటూ తిప్పనివ్వదు. తల తిరిగితే లోపల ట్యూబూ తిరుగుతుందని ఆమె భయం. సర్జన్లు విసుక్కుంటారు గానీ ఆమె మాట కాదనరు.

ఇంకొక అలవాటు ఉంది. ఎవరూ చెప్పని పని, జీతంలో లేని పని. ముందు రోజు ఆపరేషన్ అయిన పిల్లల్ని మర్నాడు డ్యూటీ ఎక్కేముందు వార్డుకు వెళ్ళి పలకరిస్తుంది. నీ బొమ్మ పేరేంటి, నిన్న ఏం తిన్నావు, మీ ఇంట్లో అందరికంటే పెద్దగా గురక పెట్టేదెవరు, ఇలాంటివి. వాళ్ళు చెప్పేది కాదు ఆమెకు కావలసింది, చెప్పే గొంతు. కొందరికి కాస్త బొంగురుగా ఉంటుంది. రెండో రోజుకు సర్దుకుంటుంది. ట్యూబు వేశాక ఆ మాత్రం ఉంటుందిలే అని అందరూ అనేవారు. ఆమె కూడా అలాగే అనుకునేది, ఆ రేడియో వచ్చేదాకా.

రేడియో ఒక ఏడేళ్ళ అమ్మాయి. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు అది. పుట్టుకతోనే ఎడమ కాలు లోపలికి తిరిగి ఉంది. రెండు విడతలుగా ఆపరేషన్ చేసి సరిచేయాలి. మొదటిసారి మత్తు ఇవ్వడానికి బల్ల మీద పడుకోబెట్టినప్పుడు కూడా నోరు మూతపడలేదట. పైన లైటుకి ఎన్ని బల్బులున్నాయో లెక్కపెట్టి, ఒకటి వెలగడం లేదని చెప్పి, మధ్యలో నిద్రపోయింది. నాలుగు గంటలు పట్టింది ఆపరేషన్. కాలు బాగా వచ్చింది. మర్నాడు పొద్దున మీటరక్క వార్డుకు వెళ్ళి, ఇంతకీ ఎన్ని బల్బులు అని అడిగితే ఆ పిల్ల నోరు తెరిచింది. మాట రాలేదు. గాలి మాత్రం వచ్చింది. అడుగున ఎక్కడో గరగరమని ఒక చప్పుడు.

రెండు రోజులు గడిచాయి, వారం గడిచింది. చెవి, ముక్కు, గొంతు డాక్టరు సన్న కెమెరా వేసి చూసి లోపల వాచింది, కొంచెం ఒరుసుకుపోయింది, తగ్గుతుంది అన్నాడు. తగ్గింది కూడా, కానీ మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆ ఇంట్లో రేడియో మోగలేదు.

ఆ పిల్ల తాతకు టైర్ల కొట్టు ఉంది. తల్లి మిల్లులో షిఫ్టులకు వెళుతుంది. తండ్రి లారీ డ్రైవరు, పది రోజులకోసారి ఇంటికొస్తాడు. అందుకని మంచీ చెడూ చూసేది తాతే. రెండో విడత గురించి మాట్లాడటానికి పిలిపిస్తే ఆయన వచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా తేల్చి చెప్పేశాడు.

"కాలు వంకరైనా నా మనవరాలు గెంతుకుంటూ తిరిగేది. మాట పోతే అది అది కాదు. మేం రాం."

మూడు నెలల్లోపు రెండోది చేయకపోతే మొదటిది చేసి లాభం లేదని, ఎదిగేకొద్దీ కాలు ఇంకా తిరుగుతుందని ఎముకల డాక్టరు నచ్చజెప్పబోయాడు. పెద్దాయన అప్పటికే గుమ్మం దాటేశాడు. తల్లి మాత్రం ఒక్క క్షణం ఆగి, అందరి ముఖాలూ చూసి వెళ్ళిపోయింది.

"ఆవిడ చూపు నా చేతుల మీదికి వచ్చినట్టు అనిపించింది. ఆవిడకేం తెలుసు, పాపం. నాకనిపించింది, అంతే" అంది మీటరక్క.

ఆ రోజు బుడగ నొక్కి చాలు అన్నది తన వేళ్ళే కదా. ఆ వేళ్ళు తప్పు చెబుతాయా అని ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ రాని అనుమానం అప్పుడొచ్చింది. బుడగలో ఒత్తిడి కొలిచే మీటరు థియేటర్లో లేక కాదు. పాడైన మెషీన్ల భాగాలు పడేసే బీరువాలో, కంపెనీ పెట్టెలోనే, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంది. అది వచ్చి మూడేళ్ళయింది. మీటరక్క ఉండగా మీటరెందుకని ఎవరూ తెరవలేదు. తెరవమని ఆమె కూడా అనలేదు.

మధ్యాహ్నం రెండు ఆపరేషన్ల మధ్య ఖాళీలో ఆమె ఆ పెట్టె తెరిచింది. పెద్ద సిరంజి ఒకటి తీసుకుని, లోపలి తోపుడు పుల్ల తీసేసి, ఆ ఖాళీ గొట్టాన్నే పిల్ల గాలిగొట్టం అనుకుంది. అందులో ట్యూబు పెట్టి, రోజూ ఎక్కించినట్టే గాలి ఎక్కించి, రోజూ నొక్కినట్టే నొక్కి, చాలు అనుకున్నాక మీటరు తగిలించింది. పిల్లలకు ఇరవై దాటకూడదు. ముల్లు నలభై ఆరు దగ్గర నిలబడింది.

మళ్ళీ చేసింది. యాభై రెండు. ఈసారి కావాలని మెత్తగా వదిలింది. ముప్పై ఎనిమిది. పదిసార్లు చేస్తే ఒక్కసారే ఇరవై లోపు వచ్చింది. అది కూడా, అయ్యో గాలి చాల్లేదే అనుకున్నప్పుడు.

మత్తు డాక్టర్ మేడమ్ టీ తాగడానికి వచ్చి, ఏంటక్కా బొమ్మలాటా అంది. మీటరక్క మీటరు ముఖాన్ని గోడ వైపు తిప్పి, మీరు కూడా ఒకసారి నొక్కండి మేడమ్ అంది. మేడమ్ టీ పక్కన పెట్టి, తీరిగ్గా నొక్కి, ఇదీ కరెక్ట్ అని తేల్చింది. మీటరు తిప్పి చూస్తే డెబ్బై రెండు. ఆవిడ టీ చల్లారిపోయింది.

మీటరే తప్పేమో అని మేడమ్ అంది. న్యాయమైన అనుమానమే. ఇరవై అంటే ఇరవై ఏంటి అని మీటరక్క అడిగితే, ఇరవై సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు ఎంత బరువు మోపుతాయో అంత అని మేడమ్ చెప్పింది. అంత సులువైన సంగతా అని మీటరక్కకు ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళూ అదేదో తనకు అర్థంకాని లెక్క అనుకుంది. మేడమ్‌ని అడిగి మీటరును టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. పారదర్శకంగా ఉండే సన్న పైపు కొని, వంచి సగం వరకు నీళ్ళు పోసి, ఒక చివరకు సిరంజినీ మీటరునీ కలిపి, పక్కన స్కేలు పెట్టి, భర్త చేతికిచ్చింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. కదలకుండా పట్టుకోండి అంటే, ఇరవై ఏళ్ళు స్టీరింగు పట్టుకున్నాను, ఇంత కష్టం ఎప్పుడూ లేదన్నాడు. నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. ఆ వేళ నేను కూడా డాబా మీదే ఉన్నాను, స్కేలు చదివింది నేనే. ఒక వైపు నీళ్ళు రెండో వైపు కంటే ఇరవై సెంటీమీటర్లు పైకి లేచినప్పుడు మీటరు ముల్లు కూడా ఇరవై మీదే ఉంది. మూడుసార్లు చూశాం.

"అయితే మీటరు మంచిదే" అన్నాడు ఆయన, చొక్కా పిండుకుంటూ.

"ఊఁ" అంది మీటరక్క. 

ఆ పిల్ల తాతకు చెప్పాలి అని ఆమెకు ఆ సాయంత్రమే అనిపించింది. మర్నాడు మేడమ్‌ని అడిగింది. మేడమ్ చేతులు కడుక్కుంటూ, మళ్ళీ మళ్ళీ కడుక్కుంటూ, చివరికి అంది:

"చెప్పండక్కా. కానీ మీ ఒక్కరి వేళ్ళే అని చెప్పకండి. ఆ రోజు తల దగ్గర నిలబడింది నేను."

సెలవు రోజున మీటరక్క టైర్ల కొట్టుకు వెళ్ళింది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ముందు నీళ్ళ తొట్టి, పంక్చరు ట్యూబులు ముంచి చూడటానికి. తొట్టిలో నీళ్ళు ఇంకు రంగులో ఉన్నాయి. ఒక మూల కంప్రెసరు కాసేపు దడదడమని, కాసేపు మౌనంగా ఉంటోంది. టైర్ల దొంతర మీద, సిమెంటు కట్టున్న కాలు ముందుకు చాపుకుని, రేడియో కూర్చుని ఉంది. మాట తిరిగి వచ్చింది గానీ పెద్దగా అరవొద్దన్నారు. అందుకని బండి వచ్చినప్పుడల్లా చేతిలోని స్పానరుతో ఇనప రేకు మీద కొడుతోంది. ఒక దెబ్బంటే స్కూటరు, రెండంటే కారు.

మీటరక్క ఉన్నదున్నట్టు చెప్పింది. బుడగ సంగతి, వేలి సంగతి, నలభై ఆరు సంగతి. మేడమ్ చెప్పమన్న మాట కూడా చెప్పింది, కానీ ముందు తన పేరే చెప్పుకుంది. పెద్దాయన వింటున్నాడో లేదో తెలియలేదు. చేతిలో పని ఆపలేదు. చెప్పడం అయిపోయాక ఆయన లేచి, గోడకు ఆనించిన రెండు స్కూటరు టైర్లు చూపించాడు.

"నొక్కు. ఏది గట్టి?"

ఆమె రెండూ నొక్కింది. బొటనవేలితో ఒకసారి, అరచేత్తో ఒకసారి. రెండూ ఒకటే అంది.

పెద్దాయన గేజి పెట్టాడు. ఒకదానిలో ఇరవై రెండు, రెండోదానిలో ముప్పై ఐదు.

"మా కొట్టుకొచ్చే ప్రతివాడూ టైరుని కాలితో తన్ని, గాలి బానే ఉందిగా అంటాడు. నేను నవ్వుకుంటాను. మీరు కూడా అంతేనా అమ్మా, అంత పెద్ద ఆసుపత్రిలో?"

ఆ మాటలో వెక్కిరింత కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉందట. ఆమె తల వంచుకుంది. అంతే బాబాయి అంది.

ఆయన ఒక టైరు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆమెకు స్టూలు జరిపాడు. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ బుడగ దేనితో చేస్తారు, ఎంత పల్చన, ఎంత గాలి పడుతుంది, కారిపోతే ఎలా తెలుస్తుంది. ఆమె సంచీలోంచి ఒక వాడని ట్యూబు తీసి ఇచ్చింది. ఆయన అద్దాలు పెట్టుకుని బుడగను వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇంత పల్చగా ఉందేంటి, ఉల్లిపొరలా, అన్నాడు. అప్పటికి ఇద్దరూ ఎందుకు మొదలుపెట్టారో మరిచిపోయి చాలాసేపయింది.

తరవాత ఆయన ఒక మాట అడిగాడు.

"సరే, ఈసారి మీటరు పెడతావు. ఎప్పుడు పెడతావు?"

"గాలి ఎక్కించగానే."

"తరవాత?"

తరవాత ఏముంది అన్నట్టు చూసింది ఆమె.

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు లారీ టైరులో గాలి చూసి పంపిస్తాను. వంద మైళ్ళు పోయాక అదే టైరు చూడు. ఎవడూ ఎక్కించకుండానే పెరిగి ఉంటుంది. నా మనవరాల్ని నాలుగు గంటలు పడుకోబెట్టారు మీరు. మధ్యలో ఒక్కసారైనా చూశారా?"

టైరు వేడెక్కుతుంది బాబాయి, పిల్ల ఒళ్ళు ఎప్పుడూ ఒకే వేడిగా ఉంటుంది, అందులో పెరగడానికేముంది అని చెప్పబోయింది మీటరక్క. చెప్పలేదు. తెలియకుండా చెప్పి ఒకసారి అయింది కదా.

"చూడలేదు" అంది.

"చూసి రా. అప్పుడు మాట్లాడదాం."

రేడియో స్పానరుతో రెండు దెబ్బలు కొట్టింది. కారు వచ్చింది.

మరుసటి వారం ఒక బాబుకు చేతి ఆపరేషన్. గంటన్నర పని. మేడమ్ అనుమతితో మీటరక్క గాలి ఎక్కించి మీటరు పెట్టింది. పద్దెనిమిది. చక్కగా ఉంది. ఇరవై నిమిషాలకు మళ్ళీ చూసింది. ఇరవై ఐదు. తగిలించడంలో పొరపాటేమో అనుకుంది. ఆ కాస్త గాలీ తీసేసి సరిచేస్తే చాలు, కానీ ముందు ఏమవుతోందో తెలియాలి. ఇంకో పది నిమిషాలు మాత్రం ఆగుదామంది మేడమ్. ఇరవై తొమ్మిది. సిరంజి ఎవరూ ముట్టలేదు. బాబు కదల్లేదు. తల కదలనివ్వకుండా అక్కడ మీటరక్క ఉంది. ఒళ్ళు వేడి తెర మీద మొదట్లో ఎంత ఉందో అంతే ఉంది. గాలి మాత్రం పెరుగుతోంది.

వెంటనే పద్దెనిమిదికి దించేశారు. మళ్ళీ ఇరవై నిమిషాలకు ఇరవై నాలుగు.

"ఎవరు ఎక్కిస్తున్నారు మేడమ్ ఇందులో?" అని అడిగిందట మీటరక్క. ఒళ్ళు గగుర్పొడిచిందని నాతో చెప్పింది, కానీ భయంతో కాదు. తాళం వేసిన గదిలో కుర్చీ జరిగి ఉంటే ఎలా ఉంటుందో అలా.

మేడమ్ మీటరు వైపు చూసింది, మత్తు మెషీను వైపు చూసింది. మెషీను మీద రెండు గాజు గొట్టాల్లో రెండు చిన్న బంతులు తేలుతున్నాయి. ఒకటి ఆక్సిజన్. రెండోది నైట్రస్ అనే మత్తు గ్యాసు. మేడమ్ మాస్కు పైన కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు మూసుకుంది.

"నైట్రస్" అంది. "అది ఆ పల్చటి ప్లాస్టిక్ గుండా లోపలికి దూరుతుందక్కా. చెమ్మ గోడలోకి ఎక్కినట్టు. ఎంతసేపు ఇస్తే అంత ఎక్కుతుంది."

"ఇది ముందే తెలిసిన సంగతా?"

"పుస్తకంలో ఉంది. పరీక్షలో అడిగారు. రాశాను. మార్కులు కూడా వచ్చాయి."

సర్జన్ తల ఎత్తి ఏమైందని అడిగాడు. ఏమీ లేదు, మీరు కుట్టండి అంది మేడమ్.

మీటరక్కకు ఆ రోజంతా పనిలో చేతులున్నాయి గానీ మనసు లేదు. పెద్దాయన చెప్పిన కారణం తప్పు. అడిగిన ప్రశ్న మాత్రం సరైనది. వేడి కాదు, వేరే గాలి వచ్చి చేరుతోంది. అంటే మొదట్లో తన వేళ్ళు వదిలిన నలభై ఆరు, నాలుగు గంటలయ్యేసరికి ఎంతై ఉంటుంది? ఆ లెక్క ఆమె వేయలేదు. వేయాలని లేదంది. నేనూ అడగలేదు.

అది మొదలు ఆ థియేటర్లో పద్ధతి మారింది. ఎవరూ గోడ మీద కాగితాలు అంటించలేదు, మీటింగు పెట్టలేదు. మీటరు బీరువాలోంచి వచ్చి ట్యూబుల పక్కన ట్రేలో కూర్చుంది. ఎక్కువసేపు పట్టే ఆపరేషన్లకు మేడమ్ నైట్రస్ ఆపేసింది. ప్రతి పావుగంటకూ మీటరక్క బుడగలో ఒత్తిడి చూసి కాగితం మీద రాస్తోంది. బుడగ అసలు ఎంత తక్కువ గాలితో సందు మూస్తుందో కూడా చూస్తున్నారు. బిడ్డ మెడ దగ్గర స్టెతస్కోపు పెట్టి, గాలి కారే సుయ్యిమనే చప్పుడు ఎక్కడ ఆగుతుందో విని, అక్కడితో ఆపేస్తున్నారు. చాలామందికి ఇరవై కూడా అక్కర్లేదు, పన్నెండుకీ పద్నాలుగుకీ ఆగిపోతోంది. ఇంత తక్కువ చాలా అని ప్రతిసారీ ఆమెకు విడ్డూరమే. ఆమె వేళ్ళకు మాత్రం ఆ బుడగ ఇప్పటికీ ఖాళీగానే అనిపిస్తుందట. అలవాటు వేళ్ళలోంచి అంత తొందరగా పోదు అంటుంది.

రెండోసారి కొట్టుకు వెళ్ళినప్పుడు ఆ కాగితాలు పట్టుకెళ్ళింది. పెద్దాయన ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాడు. నైట్రస్ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. ప్లాస్టిక్ గుండా దూరడం ఆయనకు బాగా నచ్చింది. మా టైర్లలోంచి బయటికే పోతుంది, మీ దాంట్లో లోపలికొస్తుందన్న మాట అని కాసేపు ఆలోచించాడు. తరవాత కూతురిని పిలిచి, మీ ఆయనకు ఫోన్ చెయ్యి, తేదీ తీసుకుంటున్నామని చెప్పు అన్నాడు. మూడు నెలల గడువుకు ఇంకా పదకొండు రోజులున్నాయి.

"కాగితం నాకు ఇవ్వాలి" అన్నాడు మీటరక్కతో. "అయిపోయాక. అన్ని అంకెలూ."

"ఇస్తాను బాబాయి."

"గొంతు బాగాలేకపోతే అంకెలు నాకెందుకు, అది కూడా గుర్తుపెట్టుకో."

రెండో ఆపరేషన్ నాడు రేడియో బల్ల మీద పడుకుని, పోయినసారి వెలగని బల్బు ఇప్పుడు వెలుగుతోందని గమనించింది. మత్తెక్కాక నోరు తెరిచి చూస్తే ముందు పన్ను ఒకటి బాగా ఊగుతోంది. అది ఊడి గాలిగొట్టంలో పడితే పెద్ద ప్రమాదం. మేడమ్ దాన్ని గాజుగుడ్డతో పట్టి, ఒక్క లాగుతో తీసేసింది. మీటరక్క దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఇంటివాళ్ళకు ఇద్దామని జేబులో పెట్టుకుంది. ట్యూబు ఐదో సైజు తేలిగ్గా వెళ్ళలేదు. మేడమ్ తోయలేదు. చేయి చాపింది. అర సైజు తక్కువది మీటరక్క అప్పటికే విప్పి, మొన తడిపి పట్టుకుని ఉంది. అది జారినట్టు వెళ్ళింది. బుడగ పద్నాలుగు దగ్గర ఆగింది. మూడు గంటల నలభై నిమిషాల్లో పదిహేను సార్లు చూశారు. పద్నాలుగు, పద్నాలుగు, పదిహేను, పద్నాలుగు. ఇంత చప్పగా ఉండే కాగితం ఎప్పుడూ రాయలేదంది.

మధ్యాహ్నం ఇంకో కేసు మధ్యలో ఉండగా, థియేటర్ తలుపు అద్దంలో పెద్దాయన ముఖం కనపడింది. అక్కడి దాకా రానివ్వరు. ఎలా వచ్చాడో తెలియదు. మేడమ్ చూసి, వెళ్ళి రండక్కా అంది.

"మాట లేదమ్మా" అన్నాడాయన. అంతే అన్నాడు.

ఇద్దరూ వార్డుకు నడిచారు. రేడియో మెలకువగానే ఉంది. ముఖం ఎర్రబడి ఉంది. పెదవులు బిగించి పైకప్పు కేసి చూస్తోంది. తల్లి మంచం అంచున కూర్చుని, నీళ్ళు తాగింది, నొప్పా అంటే కాదని తల ఊపింది, గంట నుంచి ఎంత బతిమాలినా గొంతు మాత్రం రావడం లేదంది. ఈసారి ఆవిడ చూపు నిజంగానే మీటరక్క చేతుల మీద ఉంది.

మీటరక్క వంగి చూసింది. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. చప్పుడేమీ లేదు. ఊపిరికి కష్టపడుతున్నట్టు మెడ దగ్గర గుంట పడటం లేదు. అన్నీ బాగున్నాయి, మాట ఒక్కటే లేదు. ఏం అడిగినా ఆ పిల్ల చూపు తిప్పుకుంటోంది. అప్పుడు పెదవుల వెనక ఏదో కదులుతున్నట్టు కనిపించింది. నాలుక. ముందు పళ్ళ దగ్గరికి వచ్చి, ఖాళీలో దూరి, వెనక్కి పోయి, మళ్ళీ వస్తోంది. అలా వచ్చినప్పుడల్లా కనుబొమలు ఇంకాస్త ముడిపడుతున్నాయి.

మీటరక్క నిలబడి, జేబులోంచి డబ్బా తీసి, తల్లితో అన్నట్టుగా అంది:

"ఈ పన్ను ఎవరిదో తెలియడం లేదమ్మా. ఆ మూల మంచం మీద బాబుదేమో, ఇచ్చేసి వస్తాను."

రెండడుగులు వేసింది.

"అది నాది."

మొదటి అక్షరం కాస్త గరుకుగా వచ్చింది, నిద్రలేచిన గొంతులా. ఆ తరవాత గరుకు లేదు. "వాడికి పళ్ళన్నీ ఉన్నాయి, నేను చూశాను. నేను దారం కట్టి పీకుదామని పది రోజుల నుంచి ఊపుతున్నా. రోజూ ఊపుతున్నా. నన్ను అడక్కుండా ఎవరు పీకారు? నిద్రపోయినప్పుడు పీకితే నాకెలా తెలుస్తుంది నొప్పి పుట్టిందో లేదో? నేను ఎవరితోనూ మాట్లాడను."

అని మాట్లాడుతూనే ఉంది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన మంచం మీదికి వంగి, కళ్ళు మూసుకుని, చెవి ఆ పిల్ల నోటికి దగ్గరగా పెట్టి వింటున్నాడు. ఎంతసేపటికీ లేవడే. గొంతు అలసిపోతుందేమో, ఇక చాల్లే అని తల్లి అంటే, మోగనీ అన్నాడు కళ్ళు తెరవకుండానే.

అంతలో కేసు ముగించుకుని మేడమ్ వార్డులోకి వచ్చింది. ఎవరు పీకారో ఇప్పుడే చెప్పాలని రేడియో నిలదీసింది. తప్పు ఎప్పుడూ తన మీదే వేసుకునే మీటరక్క, ఈ ఒక్కసారికి ఏమాత్రం ఆలోచించకుండా మేడమ్ వైపు చెయ్యి చూపించింది. మేడమ్ మంచం పక్కన నిలబడి పూర్తిగా పావుగంట తిట్లు తింది. మెడలో స్టెతస్కోపు ఉంది గానీ దానితో పని పడలేదు. మధ్యలో ఒకసారి, ఏమన్నావు, సరిగా వినపడలేదు, మళ్ళీ అను అని కూడా అడిగిందట.